పాన్ డబ్బా నుంచి ఫ్లోరైడ్ దాకా

నల్లగొండ

తమ్మీ,

నీ ఉత్తరం, దాంతో పెట్టిన వ్యాసాలు ముట్టాయి. పాలమూరు లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుకుంటూ, మధ్యమధ్యలో డిక్షనరీ తిరగేసి రాశానన్నావు. చదువు ఆగమవుతుందేమోనని ముందు నాకు టెన్షన్ పట్టుకుంది. వ్యాసాలు చూశాక ఆ టెన్షన్ పోయి ఇంకోటి మొదలైంది. నీకు మాటల మీద ఇష్టం ఉంది, చెయ్యి బాగా తిరుగుతుంది. కానీ ఒకేలా మొదలయ్యే ఇంగ్లీషు మాటలన్నిటినీ ఒక్కచోట కుప్పపోసి, ‘వీటన్నిటికీ మూలం ఒకటే’ అని తేల్చేశావు. ఇది కోచింగ్ సెంటర్ల అలవాటు. నాలుగు ఆప్షన్లలో ఒకటి పట్టుకోవడానికి పనికొస్తుందేమో కానీ, అచ్చు వేసి పదిమందికి చెప్పడానికి పనికిరాదు.

ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఎవరినైనా పాలివాళ్లు అనేస్తామా? ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఏ గోత్రం అని అడిగి అడిగి, అప్పుడు కదా వరస కలుపుతాం. మాటల దగ్గర కూడా అంత ఓపిక కావాలి.

ఇంగ్లీషు మాటల ముందు వచ్చే పాన్ మీద రాసినదే తీసుకుందాం. గ్రీకులో దానికి ‘అంతా’ అని అర్థమన్నావు. సరే. పాన్ ఇండియా సినిమాలో ఉన్నది అదే, పానోరమాలోనూ అదే. పాండమిక్‌లో కూడా అదే, జనమంతా అని. ఆ ఊపులో పాంట్రీని, పానిక్‌ను కూడా అందులోకే తోసేశావు. రైల్లో వంట చేసే పెట్టె పాంట్రీ కారు ఉంటుంది చూడు, ఆ పాంట్రీ లాటిన్‌లో రొట్టెకున్న పేరు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రొట్టెలు దాచుకునే గది అన్నమాట. అదే రొట్టె కంపెనీ అనే మాటలోనూ ఉంది. కలిసి రొట్టె తినేవాళ్లు కంపెనీ. (మీ పాలమూరు నుంచి పనికి పోయిన లేబర్‌తో ఏ కంపెనీవాళ్లు కూర్చుని రొట్టె తిన్నారో నువ్వే కనుక్కుని రాయాలి.) పానిక్ సంగతి వేరు. గ్రీకులకు పాన్ అని మేక కాళ్ల దేవుడు ఒకడుండేవాడు, జీవాలు కాసేవాళ్ల దేవుడు. గుట్టల్లో, అడవిలో ఏ కారణమూ లేకుండా గుండె ఝల్లుమంటే అది ఆయన పనే అనుకునేవాళ్లు. ఆ దేవుడి పేరుకు కూడా ‘అంతా’ అని అర్థం చెప్పుకున్నవాళ్లు గ్రీకుల్లోనే ఉన్నారు కాబట్టి, దీనికి నిన్ను మరీ అనను.

అయితే నీ వ్యాసంలో అసలైన పాన్ లేనే లేదు. లైబ్రరీ నుంచి బస్టాండు దాకా నడిచి, ఏదైనా పాన్ డబ్బా ముందు నిలబడు. అక్కడ ఆకు మీద సున్నం రాస్తున్నాడే, ఆ పాన్ సంస్కృతంలో పర్ణం. అతని జేబులో ఉన్న పాన్ కార్డు గ్రీకుదీ కాదు, సంస్కృతానిదీ కాదు. పర్మనెంట్ అకౌంట్ నంబర్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు తీసి గుచ్చింది. వెనక గోడ మీద పాన్ ఇండియా సినిమా పోస్టర్ ఉంటే ఇంక చెప్పేదేముంది! గ్రీకు, లాటిన్ జాబితా ఎక్కడున్నవాడైనా ఎత్తి రాస్తాడు. పాన్ డబ్బా మాత్రం నువ్వే రాయాలి.

డిక్షనరీలో అక్షరాల వరస వెతుక్కోవడానికి చేసుకున్న సదుపాయం, అంతకుమించి ఏమీ లేదు. మన అమరకోశంలో అట్లా కాదు. మాటలను అర్థాన్ని బట్టి వర్గాలు చేసి పెట్టారు. నీళ్లకు సంబంధించినవి వారివర్గంలో ఉంటాయి, నదీ చేపా కప్పా అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. అక్కడ పక్కపక్క మాటలకు ఏదో ఒక లంకె ఉంటుందని నమ్మొచ్చు. ఇంగ్లీషు నిఘంటువులో ఆ భరోసా లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల మహా నిఘంటువు మొదటి భాగం 1884లో వచ్చినప్పుడు ‘ఏ’ అక్షరంతో మొదలై యాంట్, అంటే చీమ దగ్గర ఆగింది. చీమ దగ్గరే ఎందుకంటే, ఆ భాగం అంతవరకే అచ్చయింది కాబట్టి!

ఇక ఫ్లోరైడ్. నల్లగొండవాడికి ఆ మాట కనపడితే కన్ను ముందుకు కదలదు. నువ్వు ఫ్లోర్, ఫ్లోరిస్ట్, ఫ్లోరైడ్ అని వరసబెట్టి, మూడూ పువ్వుకు సంబంధించినవే అన్నావు. ఇక్కడ నిన్ను ముంచింది మన లిపి. తెలుగులో మూడింటికీ ‘ఫ్లో’ అనే రాస్తాం. ఇంగ్లీషు స్పెల్లింగు చూడు, ఫ్లోరైడ్‌లో ‘ఎల్’ తర్వాత ‘యు’ వచ్చి, ఆ తర్వాత ‘ఓ’ వస్తుంది. ఫ్లోరిస్ట్ పువ్వులదే, ఒప్పుకుంటాను. ఫ్లోర్ జర్మన్ వైపు మాట. ఫ్లోరైడ్ వచ్చింది లాటిన్‌లో ‘పారడం’ అనే క్రియ నుంచి. యూరప్‌లో లోహం తీసే కొలిముల్లో ఒక రకం రాయి వేసేవాళ్లు. అది పడితే ఖనిజం తొందరగా కరిగి పారేది. అందుకని 16వ శతాబ్దంలో ఆ రాయికి పారడం మీదే పేరు పెట్టారు. తర్వాత ఆ రాయిలోని మూలకం ఫ్లోరిన్ అయింది, దాని లవణం ఫ్లోరైడ్ అయింది. ఫ్లూయిడ్, ఫ్లూయెంట్ కూడా ఆ ఇంటివే. జలుబు జ్వరం ఫ్లూ కూడా అక్కడిదే. ఇటలీవాళ్ల ఇన్‌ఫ్లుయెంజాకు తలా తోకా కోస్తే మిగిలిన ముక్క అది. నక్షత్రాల ప్రభావం మనుషుల మీదికి పారి రోగాలు వస్తాయని నమ్మిన రోజుల్లో పెట్టిన పేరు.

ఇప్పుడు ఈ మాటను ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మా జిల్లా మర్రిగూడ దాకా తీసుకురా. పారడం అనే క్రియలో పుట్టిన పేరు, మనుషుల కీళ్లను కదలకుండా బిగించింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. చెంబు అందుకోవాలంటే మోచెయ్యి చాపుకు రాదు. గ్రానైటు పొరల్లో నిలిచిన నీళ్లు ఆ రాళ్లలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుని బోర్లలోకి వస్తాయి. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఒకటి తయారుచేసి, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది ఆ పేరు. మా ఊరి పేరు అట్లా పోవాలని మేమెవరం కోరుకోలేదు. నీ వ్యాసంలో ఫ్లోరైడ్‌కు ఒక్క వాక్యం, ఫ్లోరిస్ట్‌కు ఒక్క వాక్యం. ఈ రెండింటినీ సమానంగా తూచడానికి నీ చెయ్యి ఎట్లా వచ్చింది?

ఇందులోనే ఇంకో చిక్కుముడి ఉంది, నాకు మహా ఇష్టమైనది. ఇంగ్లీషులో ఫ్లో అంటే కూడా పారడమే. మొదటి రెండు అక్షరాలూ అవే, అర్థమూ అదే. ఫ్లూయిడ్‌కు తోడబుట్టిందే కదా అంటావు. కాదు. ఫ్లో జర్మానిక్ కుదురుది, ఆ లాటిన్ క్రియతో దానికి సంబంధం లేదు. భాషాశాస్త్రజ్ఞులు దానికి చూపించే చుట్టం మన దగ్గరే ఉంది, సంస్కృతంలోని ‘ప్లవ’. తేలడం, ఈదడం, తెప్ప అని అర్థాలు. 2021 ఉగాదికి వచ్చిన ప్లవ నామ సంవత్సరంలో ఉన్నది అదే. తెలుగు మీడియం ఫిజిక్సులో మనవాళ్లు బట్టీ పట్టే ఉత్ప్లవన బలంలో ఉన్నదీ అదే. పోలిక లేని చోట చుట్టరికం, పోలిక ఉన్నచోట ఏమీ లేదు. ఇట్లాంటిది ఒక్కటి దొరికితే వ్యాసానికి చాలు, ఇంకో పాతిక మాటలు పేర్చే పనే ఉండదు.

మార్ట్‌గేజ్ వ్యాసం బాగుంది. సూపర్ మార్ట్‌ను మాత్రం తీసెయ్యి, అది డచ్చివాళ్ల బజారు, పైగా స్పెల్లింగు కూడా వేరు. మార్ట్‌గేజ్ అంటే పాత ఫ్రెంచిలో చచ్చిన తాకట్టు, మార్చురీలో ఉన్న చావే అందులోనూ ఉంది, మన మృత్యువు కూడా ఆ వంశమే అని చెప్పి, వెంటనే భూమి కుదువపెట్టిన రైతు దగ్గరికి పోయావు. ఆ పేరా ముట్టుకోకు.

ఇంగ్లీషు దగ్గరే ఎందుకు ఆగావు? మన నోట్లో తిరిగే ‘బే’ సంగతి చూడు. బేకార్, బేఫికర్, బేవార్సు. ఫార్సీలో ‘బే’ అంటే లేకుండా అని. పని లేనివాడు, చింత లేనివాడు, వారసుడు లేనివాడు. బేవార్సు అని రోజూ తిట్టుకునేవాళ్లలో వారసత్వం గురించి ఆలోచించేది ఎవరు? అదే ‘బే’తో మన బేస్తారం కూడా మొదలవుతుంది, కానీ అది బృహస్పతివారం నోళ్లలో నలిగి నలిగి అట్లా అయింది. నారాజ్, నాలాయక్‌లలో ‘నా’ అంటే కాదు, లేదు. నాలాలో ఆ ‘నా’ లేదు. కావాలంటే దీని మీద వేరే వ్యాసం రాయి, నేనైతే ముందు అదే రాసేవాణ్ణి.

ఫ్లోరైడ్ వ్యాసం తిరగరాయి. మాటల పుట్టుకను ఒక్క నిఘంటువులో చూసి వదిలెయ్యకు, రెండు మూడింటిలో చూడు. అవి ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటుంటే ఆ మాట వదిలెయ్యి, నష్టం లేదు. ఫ్లూట్‌ను లాగకు. అందులో గాలి పారుతుంది కదా అని ఎవరైనా చెప్పినా వినకు. దేవరకొండ దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి మర్రిగూడ, నాంపల్లి వైపు పో. ఫ్లోరైడ్ అనే మాట ఊళ్లోకి రాకముందు దీన్ని ఏమనేవాళ్లని ముసలివాళ్లను అడుగు. గారపళ్లు అంటారు, బొక్కలు గుంజుతున్నాయంటారు, ఇంకా ఏమైనా అంటారు. ఎట్లా అంటే అట్లానే రాసుకో, పుస్తకం భాషలోకి దిద్దకు. ఈసారి టైపు చేయించి పంపు. నీ దస్తూరి చదవడానికి నాకు రెండు జతల అద్దాలు కావలసి వస్తోంది.

ఇట్లు
మీ అన్న