బడికి ఉత్తరం రాయండి, తేదీ వేసి

అమెరికా వచ్చి ఏడాదైనా కాని తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "అక్కా, మావాడు చదవడంలో వెనకబడ్డాడని టీచర్ అంటోంది. ఇంగ్లీషు కొత్త కదా, కొన్నాళ్లు ఆగి చూద్దామా?" నేనూ ఒకప్పుడు అలాగే ఆగాను, ఒకటి కాదు రెండేళ్లు. అందుకే ఈ విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పటి సంగతి. రోజూ పడుకునే ముందు ఓ బొమ్మల పుస్తకం గడగడా చదివేసేది. ఒక రాత్రి పేజీలోని బొమ్మను అరచేత్తో కప్పి చదవమన్నాను. ఆగిపోయింది. కిందటి పేజీలో తను చదివిన మాటే ఇక్కడా ఉంది, గుర్తుపట్టలేకపోయింది. 'వాజ్' అన్నచోట 'సా' అంది. నేను అంతకుముందు చదివి వినిపించినదంతా కంఠతా పట్టేసి, బొమ్మలు చూస్తూ అప్పజెబుతోందన్నమాట. అన్నాళ్లూ నాకు తెలియలేదు.

మర్నాడు బడి వదిలే వేళకు వెళ్లి టీచర్‌తో చెప్పాను. "చూద్దాం" అన్నారు. మరో రెండు నెలలకు మళ్లీ అడిగితే, ఇంట్లో రెండు భాషలు మాట్లాడటం వల్లేమో అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంట్లో తెలుగు మానేశాం. చదువు అంగుళం కూడా ముందుకు సాగలేదు సరికదా, అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడే పిల్ల మాట్లాడటం మానేసింది. తెలివి ఉన్నా అక్షరాలూ శబ్దాలూ జతపడక చదవడం కష్టమయ్యే ఇబ్బందిని డిస్‌లెక్సియా అంటారు. రెండు భాషల వల్ల అది రాదు. మీరు మాత్రం తెలుగు మానకండి.

ఇంగ్లీషు కొత్త కావడం వల్ల వచ్చిన ఇబ్బందా, నేర్చుకోవడంలోనే ఏదైనా చిక్కుందా అని తేల్చుకోవాలంటే ముందు తెలుగువైపు చూడండి. మాటలు ఆలస్యంగా వచ్చాయా? 'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగులుతుందంటే అదే వయసు పిల్లలు 'లక' అని చెప్పేస్తారు. మీవాడు తడుముకుంటున్నాడా? తెలుగు బడిలో చదివి వచ్చుంటే గుణింతాలు, వత్తులు తికమకపడేవాడా? తెలుగులో అక్షరానికీ శబ్దానికీ పొత్తు గట్టిది. అందుకే డిస్‌లెక్సియా ఉన్న పిల్లలు కూడా ఒక్కోసారి తప్పుల్లేకుండానే చదువుతారు. కాకపోతే నత్తనడక. ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గరికి వచ్చేసరికి దొరికిపోతారు. నాన్నో, మేనమామో చిన్నప్పుడు చదవడానికి కష్టపడ్డారేమో కూడా అడగండి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది. ఇక 'బి'ని 'డి'గా తిప్పి రాయడమంటారా, ఏడేళ్ల లోపు చాలామంది పిల్లలు చేసేదే. అదొక్కటే చూసి కంగారు పడొద్దు. కళ్లూ చెవులూ మాత్రం ముందే పరీక్ష చేయించండి.

అనుమానం నిలిచిందంటే ఇక ఆగొద్దు. ఈ దేశంలో 1975 నుంచి దీనికో చట్టం ఉంది. వైకల్యమున్న పిల్లల చదువు కోసం చేసిన ఆ చట్టాన్ని ఇప్పుడు 'ఐడియా' అంటారు. మూడేళ్ల నుంచి 21 ఏళ్ల దాకా, నేర్చుకోవడానికి అడ్డుపడే వైకల్యం ఉందని అనుమానమున్న పిల్లల్ని వెతికి పట్టుకుని, ఉచితంగా పరీక్షించే బాధ్యత మీ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అంటే బడుల జిల్లాది. మీరు పైసా కట్టక్కర్లేదు. వీసా ఏదన్నది లెక్కలోకి రాదు. వలస హోదా చూసి ఏ పిల్లకీ ప్రభుత్వ బడి చదువు కాదనకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మానాన్నల ఉద్యోగ వీసాతో పాటు వచ్చే హెచ్4 వీసా మీద వచ్చిన పిల్లలకూ ఈ హక్కు పూర్తిగా ఉంది.

నేను చేసిన పొరపాటల్లా నోటితో అడగడం. నోటితో అడిగింది ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు. మూడో ఏట ఒక స్నేహితురాలు చెప్తే ఉత్తరం రాశాను. ప్రిన్సిపాల్‌కీ, వైకల్యమున్న పిల్లలకు ప్రత్యేక బోధన చూసే జిల్లా స్పెషల్ ఎడ్యుకేషన్ ఆఫీసుకీ ఒకే ఈమెయిల్. అందులో నాలుగే వాక్యాలు. "మా అమ్మాయికి నేర్చుకోవడంలో వైకల్యం ఉందేమోనని అనుమానంగా ఉంది. స్పెషల్ ఎడ్యుకేషన్ కింద పూర్తి ఇవాల్యుయేషన్ చేయమని కోరుతున్నాను. నేను గమనించినవి ఇవి. సమ్మతి పత్రాలు పంపండి." పైన తేదీ. ఆ 'ఇవాల్యుయేషన్' అన్న మాట, అంటే చిక్కు ఏమిటో తేల్చే పరీక్షలు, తప్పకుండా ఉండాలి. 'సాయం కావాలి' అని రాస్తే ట్యూషన్‌తో సరిపెడతారు.

మీరు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిన రోజు నుంచి 60 రోజుల్లో పరీక్షలు పూర్తి కావాలన్నది కేంద్ర నిబంధన. రాష్ట్రాలు సొంత గడువు పెట్టుకోవచ్చు. టెక్సస్‌లో ఉత్తరం అందాక 15 బడి దినాల్లో జవాబివ్వాలి, సంతకం తర్వాత 45 బడి దినాల్లో నివేదిక రావాలి. కాలిఫోర్నియాలో పరీక్షల ప్లాను 15 రోజుల్లో మీ చేతికి రావాలి. న్యూజెర్సీలో అయితే 20 రోజుల్లో మీతో మీటింగు పెట్టాలి. ఈ సంతకం పరీక్షలకే, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో వేయడానికి కాదు. దానికి మళ్లీ వేరే సమ్మతి అడగాలి. కాబట్టి భయపడి పత్రాలు ఇంట్లో పెట్టుకు కూర్చోకండి.

"ముందు కొన్ని నెలలు చిన్న గ్రూపులో చదివిస్తాం, అప్పటికీ రాకపోతే చూద్దాం" అంటారు బడివాళ్లు. చదివించనివ్వండి, మంచిదే. కానీ దాన్ని సాకుగా పెట్టుకుని ఇవాల్యుయేషన్ వాయిదా వేయకూడదని కేంద్ర విద్యాశాఖ 2011లో రాష్ట్రాలకు రాసి మరీ చెప్పింది. కాదనదలిస్తే కారణాలతో రాతపూర్వకంగా కాదనాలి. ఆ కాగితం ఇవ్వమని అడగండి. అడిగాక చాలాచోట్ల మనసు మారుతుంది.

భాష సంగతి. పరీక్షలు వీలైనంతవరకు పిల్లవాడి సొంత భాషలో జరగాలన్నది చట్టం. తెలుగు వచ్చిన సైకాలజిస్టు దొరకడం కష్టమే, అయినా అడగండి. మీటింగుకు దుబాసీని బడివాళ్లే పెట్టాలి. మీ పెద్దమ్మాయిని దుబాసీగా కూర్చోబెట్టొద్దు. తమ్ముడి గురించిన మాటలు ఆ పిల్ల నోట చెప్పించడం న్యాయం కాదు. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే అసలు కారణమైతే వైకల్యం ముద్ర వేయకూడదనీ అదే చట్టంలో ఉంది. అందుకే పాత బడి ప్రోగ్రెస్ కార్డులు, నోటు పుస్తకాలు తీసుకెళ్లండి. చిక్కు అక్కడ కూడా ఉండేదని చూపించేవి అవే. మనవాళ్లు ఇక్కడే దాస్తారు. మాటలు ఆలస్యమయ్యాయని, ఒక తరగతి రెండుసార్లు చదివాడని చెప్పడానికి నామోషీ పడతారు. సగం కథ చెప్తే సగం నివేదికే వస్తుంది.

నివేదిక మీటింగుకు ముందే ఇవ్వమని అడిగి, రెండు రాత్రులు కూర్చుని చదవండి. చాలా స్కోర్లకు సగటు 100. 85 నుంచి 115 మధ్య మూడింట రెండొంతుల మంది పిల్లలుంటారు. పర్సంటైల్ అంటే పర్సంటేజీ కాదు, అదే వయసు పిల్లలు నూరుమందిలో ఎందరి కంటే పైన ఉన్నారో చెప్పే అంకె. 25వ పర్సంటైల్ చూసి నూటికి పాతిక మార్కులని ఏడ్చిన తండ్రిని నేను చూశాను. అది మామూలు పిల్లల వరసలోని స్కోరే. మొత్తం కలిపి ఇచ్చే ఒక్క అంకెతో ఆగకండి, విడివిడి స్కోర్లు చూడండి. మా అమ్మాయికి మాటల అర్థాలు చెప్పడంలో 125 వచ్చింది, శబ్దాలు విడదీసి కలపడంలో 78. రెండూ కలిపి సగటు తీస్తే ఏ ఇబ్బందీ లేని పిల్లలా కనిపిస్తుంది. దాని బాధంతా ఆ రెండంకెల మధ్యే ఉంది.

మీటింగుకు ఇద్దరూ వెళ్లండి. అక్కడికక్కడే సంతకం పెట్టమన్నా ఇంటికి తీసుకెళ్లి చదువుతామనండి. నివేదిక తప్పనిపిస్తే బయటి నిపుణుడితో జిల్లా ఖర్చు మీదే మరో పరీక్ష కోరే హక్కుంది. జిల్లా ఒప్పుకోవాలి, లేదా తమ పరీక్ష సరైనదేనని విచారణకు వెళ్లి నిరూపించుకోవాలి. అర్హత వస్తే ఐఈపీ రాస్తారు, అంటే ఆ పిల్లకు ఏ సాయం ఎలా ఇస్తారో చెప్పే సొంత చదువు ప్రణాళిక. దాన్ని ఏడాదికోసారి సరిచూస్తారు, మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి. ఐఈపీకి అర్హత రాకపోయినా, మామూలు తరగతిలోనే అదనపు సమయంలాంటి సౌకర్యాలు రాసిచ్చే 504 ప్లాను అడగొచ్చు.

పిల్లకు ముందే చెప్పండి. పరీక్ష అంటే రాత్రంతా చదువుతానంటుంది. "నీకు ఏది తేలిగ్గా వస్తుందో, ఏది కష్టమో ఒకావిడ ఆటల్లాంటివి పెట్టి చూస్తుంది. చదవక్కర్లేదు, తెలియకపోతే తెలీదని చెప్పేయ్" అన్నాను మా అమ్మాయితో. ఫలితం కూడా దాచలేదు. పేరు పెట్టి, డిస్‌లెక్సియా అని చెప్పాను. వారం రోజులు వచ్చినవాళ్లందరికీ ఆ మాట తనే చెప్పింది.

కాగితాలన్నీ ఒకే ఫైల్లో, తేదీల వరసలో పెట్టుకోండి. మన ఉద్యోగాలు ఎప్పుడు ఏ రాష్ట్రానికి మారుస్తాయో తెలియదు. పరీక్షలు సగంలో ఉండగా ఇల్లు మారినా కొత్త జిల్లా ఆలస్యం చేయకుండా వాటిని పూర్తి చేయాలి. ఐఈపీ ఉంటే, తమది రాసుకునేదాకా అలాంటి సాయమే ఇవ్వాలి. చేర్పించే రోజునే ఆ ఫైలు కాపీ ఆఫీసులో ఇచ్చి, అందిందని ఒక ఈమెయిల్ పెట్టించుకోండి.