కుక్క పట్టిన పెట్ట: కుట్ల సంగతి తర్వాత, ముందు చూడాల్సినవి ఇవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇంట్లో అయిదు పెట్టలు ఉన్నాయి. నిన్న సాయంత్రం వాటిలో ఒకదాన్ని కుక్క పట్టి వదిలేసింది. వీపు మీద అరచేతి మేర తోలు లేచిపోయింది. రక్తం ఆగింది, కానీ మేత ముట్టకుండా మూలన కళ్లు మూసుకుని కూర్చుంది. కుట్లు వేయించాలా, ఏం రాయాలి, మిగతావాటితో మళ్లీ ఎప్పుడు కలపాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. కుట్లు చాలావరకు అక్కర్లేదు. యాంటీబయాటిక్ మాత్రం దాదాపు తప్పకుండా కావాలి, ఎందుకంటే ఇది పంటిగాటు. కాబట్టి వీలైతే ఈరోజే పశువుల డాక్టర్‌కి చూపించండి. మా పెట్ట ఒకటి ఇలాగే కుక్క నోట్లోంచి బయటపడింది, అది బతికింది, తర్వాత చాలాకాలం గుడ్లు కూడా పెట్టింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: కంటికి భయంకరంగా కనిపించే ఆ వీపు గాయం అసలు సమస్య కాకపోవచ్చు. షాక్, చలి, తోటి కోళ్ల ముక్కులు, ఈకల కింద కనిపించని చిన్న రంధ్రం, ఈగలు. కోడి ప్రాణం పోయేది ఎక్కువగా వీటివల్లే.

ఇంకా మిగతావాటితోనే ఉంచి ఉంటే ఇప్పుడే విడదీయండి. కోళ్లకు ఎరుపు కనిపిస్తే ఆగవు. నిన్నటిదాకా పక్కన ఒరుసుకుని పడుకున్నదే ఇవాళ గాయాన్ని పొడుస్తుంది. ఒకటి మొదలుపెడితే నాలుగూ చేరతాయి. అందులో పగ ఏమీ లేదు, వాటి తీరే అంత. ఒక అట్టపెట్టె తీసుకుని, అడుగున పాత గుడ్డ గానీ కాగితం గానీ పరవండి. గడ్డి, రంపపు పొట్టు వద్దు, తడి గాయానికి అంటుకుపోతాయి. పెట్టెను ఇంట్లో చీకటిగా, సందడి లేని చోట పెట్టండి.

వెచ్చదనం చాలా ముఖ్యం. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. మన చేతికి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది కాబట్టి చెయ్యి పెట్టి జ్వరం ఉందో లేదో చెప్పలేం. ఈకలు ఊడిపోయి, రక్తం పోయిన కోడికి ఆ వేడిని నిలబెట్టుకోవడమే పెద్ద పని. పెట్టె లోపల 28 నుంచి 30 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కకు మాత్రమే పెట్టండి, వేడి ఎక్కువైతే అది రెండో పక్కకు జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెడితే వేడి ఎక్కువైందని అర్థం.

ఇది అయ్యాక కనీసం అరగంట దాన్ని ముట్టుకోకండి. రక్తం కారుతుంటే మాత్రం శుభ్రమైన గుడ్డతో అయిదు నుంచి పది నిమిషాలు నొక్కి పట్టాలి, మధ్యమధ్యలో తీసి చూడకూడదు. మీకు ఆ అవసరం దాటిపోయింది. మనకు టెన్షన్, ఏదో ఒకటి చేసేయాలని ఉంటుంది. కోడికి మాత్రం అప్పుడు కావాల్సింది మనం కాసేపు కనబడకపోవడమే.

ఇక గాయాన్ని చూడటం. ఇద్దరుంటే తేలిక. ఒకరు కోడిని తువ్వాలులో వదులుగా చుట్టి, తల మీద గుడ్డ కప్పితే అది సద్దుమణుగుతుంది. ఛాతీని మాత్రం గట్టిగా పట్టుకోవద్దు. కోడికి మనలా ఊపిరితిత్తుల కింద ఉదరవితానం, అంటే ఊపిరి పీల్చడానికి సాయపడే కండరపు పొర, ఉండదు. రొమ్ము ఎముక కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది, ఆ ఎముకను కదలకుండా బిగించి పట్టుకుంటే చేతుల్లోనే ప్రాణం పోతుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి. గాయం మీద కుక్క లాలాజలం ఉంటుంది. మీ చేతి మీద గీత ఉండి, అక్కడ అది తగిలి ఉంటే సబ్బుతో బాగా కడుక్కుని, రేబిస్ విషయం మీ డాక్టర్‌ని కూడా అడగండి.

వీపు సరే, అది కనిపిస్తూనే ఉంది. రెండు రెక్కలూ ఎత్తి కింద చూడండి. తొడల లోపలి వైపు, తోక అడుగున, పొట్ట మీద, మెడ చుట్టూ చూడండి. ఈకలను గోరువెచ్చటి నీళ్లతో కొంచెం తడిపి పాయలు తీస్తే చర్మం బయటపడుతుంది. కుక్క కోరలు పై నుంచీ కింద నుంచీ దిగుతాయి, అందుకే పైన చీలిక ఉంటే కింద రంధ్రం కోసం వెతకాలి. మా పెట్టకు రెక్క కింద పెసరగింజంత రంధ్రం దొరికింది. వీపు మీది పెద్ద గాయం ఏ ఇబ్బందీ పెట్టకుండా మానిపోయింది. ఈ చిన్నదే వాచి, డాక్టర్ మందు మార్చాల్సి వచ్చింది. పంటిగాటు పైకి చిన్నగా ఉన్నా లోతుగా దిగి క్రిములను లోపలే వదిలేస్తుంది. కుక్కల, పిల్లుల నోళ్లలో ఉండే పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా కోళ్లను త్వరగా పడగొడుతుంది. పిల్లి గాటైతే ఇంకా కంగారు పడాలి.

రంధ్రం దగ్గర చర్మం బుడగలా ఉబ్బి, వేలితో నొక్కితే చిటపటలాడుతున్నట్టు అనిపిస్తే గాలి సంచి (పక్షులకు ఊపిరితిత్తులతో కలిసి ఉండే పలుచటి సంచి) చిల్లు పడి గాలి చర్మం కిందకు వస్తోందని అర్థం. చూడగానే కంగారొస్తుంది గానీ చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. కాకపోతే డాక్టర్ చూడాలి, మీరు సూది పెట్టి పొడవకండి. రెక్క పై ఎముక విరిగి బయటికి కనిపిస్తుంటే అక్కడ నీళ్లు అసలు పోయవద్దు. ఆ ఎముక బోలుగా ఉండి గాలి సంచితో కలిసి ఉంటుంది, పోసిన నీరు నేరుగా ఊపిరి దారిలోకే పోతుంది.

కడగడానికి ఉప్పునీళ్లకు మించింది లేదు. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు ఒకటిన్నర టీస్పూన్లు. గోరువెచ్చగా ఉన్నప్పుడు సూది తీసేసిన సిరంజితో ధారగా కొట్టండి. మట్టి, ఈక ముక్కలు పూర్తిగా పోయేదాకా కడగాలి, ఓపిగ్గా చేయాల్సిన పని ఇదే. గాయం చుట్టూ ఈకలు అడ్డొస్తుంటే మొండి మొన కత్తెరతో కత్తిరించండి, పీకొద్దు. కొత్తగా వస్తున్న ఈకల కాడలో రక్తం ఉంటుంది, అది తెగితే మళ్లీ కారుతుంది. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను పలుచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి ఒకసారి పోస్తే చాలు. చిక్కగా రాస్తే కొత్తగా పుట్టే కణాలు కూడా చస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ వాడటం కూడా అందుకే మంచిది కాదు.

పైపూతకు సిల్వర్ సల్ఫాడయాజిన్ లాంటి క్రీమ్ పలుచగా సరిపోతుంది, డాక్టర్‌ని అడిగి వాడండి. ట్యూబు కొనేముందు దాని మీద రాసింది చదవండి. నొప్పి తెలియకుండా చేసే బెంజోకైన్, లిడోకైన్ లాంటి 'కైన్' మందులు కలిసినవి వద్దు, పక్షులకు అవి కొద్ది మోతాదులోనే విషమవుతాయి. మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు కూడా సొంతంగా ఇవ్వకండి. నొప్పికి మెలోక్సికామ్ లాంటివి డాక్టర్ బరువు చూసి ఇస్తారు. జిడ్డు ఆయింట్‌మెంట్లు దట్టంగా పూస్తే చుట్టూ ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. చాలామంది చల్లే జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందును, మనం గుడ్లు తినే కోళ్లకు నేనైతే వాడను. బూడిదలు, పొడులు కూడా వద్దు. అవి గడ్డకట్టి, కింద చీము చేరినా కనబడనివ్వవు.

కుట్ల విషయానికి వస్తే, కుక్క పంటిగాటును మూసేస్తే లోపలి మురికిని కూడా కలిపి మూసేసినట్టే. పైగా మీది నిన్నటి గాయం. వీపు మీది తోలు తెరిచి ఉంచినా అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుంది. కోడి చర్మం ఇంతలా కోలుకుంటుందని కళ్లారా చూసేదాకా నేనూ నమ్మలేదు. లోపలి కండ బాగా చీలినా, పొట్ట భాగం తెరుచుకున్నా సంగతి వేరు, అది డాక్టర్ తేల్చాలి. పేగులు బయటికి వచ్చినా, రెండు కాళ్లూ చచ్చుబడినా మాత్రం నొప్పి లేకుండా పంపించమని అడగడమే దయ. మీరు రాసినదాన్ని బట్టి మీ పెట్ట ఆ స్థితిలో లేదు.

మేత గురించి ఇవాళ మరీ బాధపడకండి. నీళ్లు తాగడం ముఖ్యం. గిన్నె ముక్కు దగ్గర పెట్టి, ముక్కు కొసను తడపండి. తనంతట తాను మింగుతుంది. నోరు తెరిచి నీళ్లు పోయొద్దు. ఊపిరి దారి నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, నీళ్లు అందులోకి పోతే గాయం మానేలోపు న్యుమోనియా వస్తుంది. రేపటికి అలవాటున్న మేతనే నీళ్లతో మెత్తగా కలిపి, కొద్దిగా ఉడికించిన గుడ్డు చిదిపి పెట్టండి. తింటోందా అన్నది మెడ కింద మేత సంచి తడిమితే తెలుస్తుంది. రాత్రికి నిండుగా, పొద్దున్నకు ఖాళీగా ఉండాలి. రెట్ట ముదురు ఆకుపచ్చగా ఉంటే చాలావరకు కడుపు ఖాళీగా ఉందనే. రోజు దాటినా ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కి చెప్పండి.

ఆకుపచ్చ అంటే ఇంకోటి గుర్తొచ్చింది, ముందే చెబితే మీకు ఒక రాత్రి నిద్ర మిగులుతుంది. రెండు మూడు రోజులకు గాయం చుట్టూ చర్మం పచ్చగా, నిజంగా ఆకు రంగులోకి మారుతుంది. అది చూసి కుళ్లిపోతోందనుకుని నాకు గుండె జారింది. అది కమిలిన గుర్తు మాత్రమే. మనకు కమిలిన చోట నీలం నుంచి పసుపుకు తిరుగుతుంది. పక్షుల్లో రక్తం రంగు విరిగేటప్పుడు బిలివెర్డిన్ అనే పచ్చ పదార్థం దగ్గరే ఆగిపోతుంది, దాన్ని పసుపుగా మార్చే ఎంజైమ్ వాటికి లేదు. కుళ్లుకు గుర్తు ఆ ఆకుపచ్చ రంగు కాదు, వాసన. దుర్వాసన వచ్చినా, చర్మం నల్లబడి చల్లగా తగిలినా అప్పుడు కంగారు పడాలి. చీము కోసం కూడా మనకు తెలిసిన రూపంలో వెతకొద్దు. కోడి చీము కారదు, పసుపుపచ్చటి గట్టి ముద్దలా చర్మం కింద ఉండిపోతుంది. అది తీయాల్సింది డాక్టరే.

రోజుకు రెండుసార్లు గాయం చూడండి, ముఖ్యంగా ఈగల కోసం. తడి గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. బియ్యపు నూకలాంటి తెల్లటి గుడ్లు ఈకల మొదళ్లలో కనిపిస్తే వెంటనే తీసేయాలి. పెట్టె మీద సన్నటి దోమతెర కప్పితే సగం బెడద పోతుంది. కొన్ని రోజులకు గాయం మీద తోలులాంటి నల్లటి పక్కు కడుతుంది. దాన్ని పీకాలనిపిస్తుంది, పీకొద్దు. పక్కు గట్టిపడేదాకా దుమ్ములో పొర్లనివ్వకండి.

కలపడం గురించి. అయిదింటిలో ఒకటి తప్పుకోగానే మిగతా నాలుగూ తమలో తాము పెద్దరికం సర్దుకుంటాయి. చిన్న మందలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. తిరిగొచ్చిన పెట్ట వాటికి కొత్త కోడి కిందే లెక్క. అందుకే కోలుకోగానే దాని పెట్టెను పగటిపూట గూటి పక్కనే జాలీకి ఇవతల పెట్టండి, చూసుకుంటాయి గానీ పొడుచుకోలేవు. గాయం పూర్తిగా మూసుకుని, తడి గానీ ఎరుపు గానీ లేదనిపించేదాకా మాత్రం జాలీ తీయకండి. వారాలు పట్టొచ్చు. మందలో అన్నిటికంటే సాధువుగా ఉండే పెట్టను ముందు జాలీ ఇవతలికి తెచ్చి దీనికి తోడుగా వదిలితే పని సులువవుతుంది, తర్వాత రెంటినీ కలిపి పంపొచ్చు. మేత గిన్నెలు రెండు చోట్ల పెట్టండి. తల మీద ఒకటి రెండు పోట్లు మామూలే. ఒకే దాన్ని మూలకు తరిమి ఆపకుండా పొడుస్తుంటే, లేదా రక్తం కనిపిస్తే మళ్లీ విడదీయండి. పుంజు ఉంటే దాన్ని ఇంకొంతకాలం దూరంగా ఉంచండి, ఎక్కేటప్పుడు దాని గోళ్లు దిగేది సరిగ్గా ఆ వీపు మీదే.

పీకేసినట్టు పూర్తిగా ఊడిన ఈకలు కొన్ని వారాల్లో వస్తాయి. మధ్యకు విరిగి మొదలు మిగిలినవి మాత్రం మళ్లీ ఈకలు రాల్చే కాలం దాకా అలాగే ఉంటాయి. గుడ్లు కొంతకాలం ఆగిపోవచ్చు, దానికి మందులేమీ వెతకొద్దు. పెట్టినా, యాంటీబయాటిక్ వాడుతున్నన్ని రోజులూ, ఆపాక డాక్టర్ చెప్పినన్ని రోజులూ ఆ గుడ్లు తినకండి, ఎవరికీ ఇవ్వకండి. ఎన్ని రోజులన్నది మందును బట్టి మారుతుంది కాబట్టి చీటీ రాయించుకునేటప్పుడే అడిగి రాయించుకోండి. ఆ కుక్క మళ్లీ వస్తుంది, కంచె ఇవాళే చూసుకోండి.