వంటగట్టుకు పాలరాయి పనికొస్తుందా?

ప్రశ్న: ఒంగోలులో ఇల్లు కట్టుకుంటున్నాము. ఇల్లంతా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వేయించుకోమని దుకాణదారు అంటున్నారు. మావారు బేతంచెర్ల బండలు చాలంటారు. వంటగట్టుకు తెల్ల పాలరాయి వేయించాలని నా కోరిక. మా అత్తగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. ఏది ఎక్కడ వాడాలో దయచేసి చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. మీ అత్తగారు వాడే స్నానాల గది నేలకు నునుపు టైల్ ఏదీ వద్దు. గరుకుగా ఉండే మ్యాట్ రకంలో, అడుగు కొలత పలకలు తీసుకోండి. పలక చిన్నదైతే మేస్త్రీకి నాలుగు వైపుల నుంచీ నీళ్లు పోయే జాలీ వైపు వాటం ఇవ్వడం సులువు; అతుకులు ఎక్కువ కాబట్టి పాదానికి పట్టు కూడా దొరుకుతుంది. దుకాణంలో నమూనా పలక మీద సబ్బునీళ్లు పోయించి, చెప్పులు విడిచి, ఒకరి చేయి పట్టుకుని కాలు మోపి చూడండి.

వంటగట్టుకు మాత్రం పాలరాయి వద్దనే గట్టిగా చెబుతాను. అది కాల్షియం కార్బొనేట్. చింతపండు పులుసు, నిమ్మరసం, టమాటా పడిన చోట రాయి పైపొరే కరిగి మెరుపు పోతుంది, ఎంత తుడిచినా తిరిగి రాదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. చింతపండు తగలని రోజంటూ లేని మన వంటింట్లో ఆ రాయి ఎన్నాళ్లు నిలుస్తుంది? చీమకుర్తి మీకు దగ్గరే; అక్కడి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు ఈ పులుపుల భయం లేదు. అయితే నల్లగా ఉన్నదల్లా గ్రానైట్ కాదు. కడప నల్లబండ సున్నపురాయి జాతిదే కనుక నమూనా ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పావుగంట ఆగి చూడండి. మచ్చ పడితే వదిలేయండి. అసిటోన్‌లో (గోళ్లరంగు తుడిచే ద్రవం) తడిపిన తెల్లగుడ్డతో రుద్దినప్పుడు నలుపు అంటితే అది రంగు వేసిన రాయి.

హాలుకు, పడకగదులకు మీవారి మాటే నాకు నచ్చింది. బేతంచెర్ల బండ వేసవిలో పాదాలకు చల్లగా ఉంటుంది, పదేళ్లకు మెరుపు తగ్గినా మళ్లీ పాలిష్ పట్టించవచ్చు. అదీ సున్నపురాయే కాబట్టి నేల కడగడానికి యాసిడ్ ఎన్నడూ వాడకూడదు. విట్రిఫైడ్ టైల్ నీటిని 0.5 శాతం కూడా పీల్చదు, మరకలు పట్టవు, కానీ అంచు పెచ్చు లేస్తే ఆ పలకే మార్చాలి; అది కొనేటట్లయితే అదే బ్యాచ్‌లో ఒక పెట్టె అదనంగా దాచుకోండి.

ఏది వేయించినా పలక కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) అంతటా నిండాలి. కూలి లెక్క తేల్చేలోగా ప్రతి పలకనూ కర్రతో తట్టించి, డొల్లగా మోగినవాటిని మేస్త్రీ చేతనే తీయించి మళ్లీ వేయించండి.