తెల్లవాళ్ల పాపానికి నాకెందుకు పాఠం?

ప్రశ్న: మాది రాయగడ. ఇంటి నుంచే ఓ కెనడా కంపెనీకి అకౌంట్లు చూస్తాను. డీకాలనైజేషన్ (అంటే వలసపాలన ముద్రలు చెరపడం), ఆదివాసులతో సయోధ్య అంటూ నాలుగు గంటల ట్రైనింగ్ తప్పనిసరి చేశారు. వాళ్ల నేల లాక్కున్నది తెల్లవాళ్లు. మధ్యలో నేనెందుకండీ?
– ఓ పాఠకురాలు

జవాబు: వీడియో దాని మానాన దాన్ని వదిలేసి, మీరు పప్పు తాలింపు పెట్టుకుందామనేగా! నేనైనా అదే చేసేవాణ్ణి తల్లీ.

అక్కడి సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 సూచనలు చేసింది. 92వది కంపెనీలకు: సిబ్బందికి ఆదివాసుల చరిత్ర, ఒప్పందాలు, రెసిడెన్షియల్ బడుల సంగతి నేర్పమని. పిల్లల్ని ఇళ్లనుంచి లాక్కెళ్లి, సొంత భాష మాట్లాడితే దండించిన బడులవి. 1990ల దాకా నడిచాయి. ఆ నేల మీద సంపాదించిన డబ్బే మీకు జీతంగా వస్తోంది, అందుకని మీకూను.

ఇక మన సంగతి. మాది గుణుపురం. మా తాత సంతలో సవర్ల దగ్గర చింతపండు కొనేవాడు. కొనే మానిక వేరు, అమ్మే మానిక వేరు. చిన్నప్పుడు నేనది తెలివితేటలనుకున్నాను! ఉప్పు అప్పు, దాని మీద వడ్డీ, చివరికి కొండవాళ్ల పొలం షావుకారు పేర. దీన్ని ఆపడానికే మద్రాసు సర్కారు 1917లో ఏజెన్సీ భూముల చట్టం తెచ్చింది. మీ రాయగడ కూడా అప్పుడు మద్రాసులోనే. తెల్లదొరలే చట్టం రాశారు, మన షావుకార్ల నుంచి కొండవాళ్లను కాపాడటానికి. చాలక 1956లో ఒడిశా మరోటి తెచ్చింది.

ట్రైనింగ్ వినండి. తర్వాత ఓసారి చాటికోన సంతకెళ్లి, డొంగ్రియా కొండజాతి ఆడవాళ్ల దగ్గర అనాసపండు ధర వాళ్ల కువి భాషలో అడగండి. నాకది అరవై దాటాక గానీ రాలేదు.