రాయి కోసేముందు నీళ్ళ సంగతి చూసుకో

అమ్మడూ,

పెదనాన్న ఆశీస్సులు. ఇల్లు కట్టగా మిగిలిన గ్రానైట్ ముక్కలు పారెయ్యబుద్ధి కావడం లేదని, వాటితో పుస్తకాలు ఒరగకుండా ఆనికలు, పూలకుండీల కింద పలకలు, చిన్న బల్లకి పైపలక చేసుకుంటానని రాశావు. చాలా సంతోషం. మంచి రాయి చెత్తలో పడుంటే నాకూ చూడబుద్ధి కాదు. ఇంట్లో నిక్షేపంగా కోసుకోవచ్చు. అయితే నువ్వు ముందుగా ఏ మెషిన్ కొనమంటావని అడిగావు. మెషిన్ సంగతి తర్వాత, ముందు నీళ్ళ సంగతి చూసుకో.

బ్లేడుని చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు. ఏమరుపాటంతా దుమ్ము దగ్గరే. గ్రానైట్‌లో తక్కువలో తక్కువ ఐదో వంతు క్వార్ట్జ్ ఉంటుంది, అంటే స్ఫటిక సిలికా. కోసేటప్పుడు కంటికి కనబడే తెల్లపొడి కాసేపటికి కిందికి దిగిపోతుంది. 4 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నటి రేణువులు మాత్రం గాల్లోనే తేలుతూ ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి కూర్చుంటాయి. వాటి చుట్టూ కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. ఆ మచ్చల్ని పోగొట్టే మందు లేదు. ఈ సిలికా దుమ్ముని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రెండు ముక్కలు కోసుకోవడానికి ఇంత చెప్పాలా అంటావేమో. రోజూ ఆ పనిలో ఉండేవాళ్ళకే ముప్పు ఎక్కువ, నిజమే. కానీ ఇంట్లో లేచిన దుమ్ము తెరల్లో, పరుపుల్లో చేరుతుంది. నీ పని అయిపోయాక కూడా పిల్లలు దాన్ని పీలుస్తూనే ఉంటారు.

అందుకని పొడిగా కోయనే కోయకు. బ్లేడు రాయిని తాకేచోట నీళ్ళు ధార కట్టి పడుతూ ఉండాలి. అప్పుడు పొడి లేవదు, బురదై కారిపోతుంది. పని ఆరుబయట పెట్టుకో, కిటికీలు మూసెయ్. నీళ్ళున్నా మాస్కు మానకు. గుడ్డ మాస్కు పనికిరాదు, కనీసం ఎన్95 ఉండాలి. అల్లుడు సాయానికి వస్తే గడ్డం గీసుకుని రమ్మను, గడ్డం మీద మాస్కు అతుక్కుని కూర్చోదు.

ఇంకో మాట. ఆ కుప్పలో ఫ్యాక్టరీలో చేసిన క్వార్ట్జ్ పలకల ముక్కలు కలిశాయేమో ఏరి చూడు. చుక్కలన్నీ ఒకే తీరుగా, అచ్చు గుద్దినట్టుంటే అనుమానించు. వాటిలో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. వాటిని కోసేవాళ్ళకి చిన్న వయసులోనే జబ్బు పట్టుకోవడం చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి అలాంటి రాయిని నిషేధించింది. అవి నీ చేత్తో కోయొద్దు, అలాగే వాడుకునే వీలుంటే వాడు.

ఇక మెషిన్. నీళ్ళ గొట్టం కంపెనీవాళ్ళే అమర్చిన మార్బుల్ కటర్ తీసుకో. మామూలు యాంగిల్ గ్రైండర్ మీద నీళ్ళు పోస్తూ కోసేవాళ్ళు చాలామందే ఉన్నారు, నాకు మాత్రం అది నచ్చదు. గాలి పీల్చుకునే రంధ్రాల్లోంచి నీళ్ళు నేరుగా మోటారులోకి పోతాయి. ఏ మెషిన్ అయినా సరే, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి ఉన్న ప్లగ్గుకే తగిలించు. వైరుని ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వదిలితే దాని వెంట జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కిందనే కారిపోతాయి.

బ్లేడు డైమండుదే కావాలి. పళ్ళ మధ్య ఖాళీలున్న రకం త్వరగా కోస్తుంది కానీ అంచు పెచ్చులు లేపుతుంది. నీ పనికి అంచంతా ఒకే చుట్టుగా ఉండే రకం మేలు, నెమ్మదిగా కోసినా గీత శుభ్రంగా వస్తుంది. బ్లేడు మీద రాసిన వేగం మెషిన్ వేగానికి తగ్గకూడదు. దానిమీది బాణం గుర్తు మెషిన్ తిరిగే వైపుకే ఉండాలి. బిగించేటప్పుడు ప్లగ్గు పీకి ఉంచు. బ్లేడుకి అడ్డుగా ఉండే కాపు రేకు ఎప్పుడూ తియ్యకు. కళ్ళకి పక్కలు కూడా మూసే అద్దాలు, చెవులకి రక్షణ పెట్టుకో. వేలాడే బట్ట, విరబోసిన జుట్టు, వదులు గ్లవ్స్ దగ్గరికి రానివ్వకు.

కోసేముందు రాయిని పరీక్షించు. ముక్కని తడిపి ఆరనివ్వు. పైభాగం ఆరిపోయాక కూడా సన్నటి నల్లగీత మిగిలిందంటే అక్కడ నెర్ర ఉన్నట్టే. వేలి కణుపుతో కొట్టి చూడు. మంచి రాయి ఖంగుమంటుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. నెర్ర మీదుగా గీత పెట్టావంటే బ్లేడు సగంలో ఉండగానే ముక్క విడిపోతుంది.

కోతలో అసలు పని ఆనించడమే. 20 మిల్లీమీటర్ల మందం రాయి చదరపు అడుగుకి దాదాపు 5 కిలోలు తూగుతుంది. కోసిన ముక్క గాల్లో వేలాడితే చివరి అంగుళం తెగకుండా విరుగుతుంది, మూల ఎగిరిపోతుంది. రెండు ముక్కల కిందా గట్టి ఫోమ్ షీటు పరిచి, రాయి కదలకుండా బిగించు. గీత గీసేచోట ముందు మాస్కింగ్ టేపు అంటించి దానిమీద గీయి. పెచ్చులు తగ్గుతాయి, తడిలోనూ గీత కనబడుతుంది. బ్లేడు తినేసే 2 మిల్లీమీటర్లు కలుపుకుని కొలువు.

మొదటి తడవ 2, 3 మిల్లీమీటర్ల లోతుకి మించి దిగకు. ఆ గాడి సూటిగా పడిందా, తర్వాతి తడవల్లో బ్లేడు దారి తప్పదు. ఆపైన కొంచెం కొంచెంగా లోతు పెంచు. మెషిన్‌ని నొక్కకు, దాని బరువు చాలు. శబ్దం వింటూ ఉండు. బాగా కోస్తున్నంతసేపూ ఒకే శ్రుతిలో ఉంటుంది, బురద చిక్కగా వస్తుంది. శబ్దం సన్నగా కీచుమంటూ, నీళ్ళు తేటగా వస్తూ, బ్లేడు ముందుకి కదలకపోతే దాని అంచు నున్నబడిందని అర్థం. వజ్రాల చుట్టూ ఉన్న లోహం అరగక కొత్త వజ్రాలు పైకి తేలడం లేదన్నమాట. గరుకైన సిమెంటు దిమ్మెలో నాలుగైదు గాళ్ళు కోస్తే మళ్ళీ పట్టు వస్తుంది. ఈ సంగతి తెలియక మంచి బ్లేడుని పారేసి కొత్తది కొనేవాళ్ళు ఎందరో.

చివరికి వచ్చేసరికి ఆపి, అవతలి కొసనుంచి నాలుగు సెంటీమీటర్లు ఎదురు కోసుకుని రా. రెండు కోతలూ మధ్యలో కలిస్తే మూల దెబ్బతినదు. గాడిలో బ్లేడుని ఎప్పుడూ మెలితిప్పకు, మెషిన్ వెనక్కి తన్నుతుంది. వంపు కావాలంటే అడ్డంగా దగ్గరదగ్గర గాళ్ళు కోసి, పళ్ళలా మిగిలినవాటిని విరిచి, తర్వాత అరగదీసుకో.

అంచు పాలిష్‌కి డైమండ్ ప్యాడ్లు గరుకు నుంచి నునుపుకి 50, 100, 200, 400, 800, 1500, 3000 నంబర్ల వరసలో దొరుకుతాయి. మధ్యలో ఒక్కటి కూడా దాటెయ్యకు. 50 నంబరు ప్యాడు పెట్టిన గీతలు 100 నంబరుతోనే పోవాలి, 800 దగ్గర తేలితే మళ్ళీ మొదటికి రావాలి. తడిలో అన్నీ మెరుస్తున్నట్టే ఉంటాయి, అందుకని ప్రతి ప్యాడు తర్వాత తుడిచి, ఆరాక చూడు. పైఅంచుని 2 మిల్లీమీటర్లు ఏటవాలుగా తీస్తే చెయ్యి తెగదు, పెచ్చూ లేవదు. ఇది కూడా నీళ్ళతోనే.

పని అయ్యాక బురద ఆరేదాకా ఉంచకు. ఆరితే అది మళ్ళీ అదే దుమ్ము, చీపురు పెడితే గాల్లోకి లేస్తుంది. తడిగానే ఎత్తి బకెట్‌లో పోసి ఒక రాత్రి పేరుకోనివ్వు. పైతేట వంపేసి, అడుగు ముద్దని సంచిలో కట్టి పారెయ్. మోరీలో పోశావంటే గొట్టంలో గట్టిపడి మూసుకుపోతుంది. ఆ బట్టలు విడిగా ఉతుకు, ఇంట్లోకి వెళ్ళి దులపకు.

కుండీ కింద పలకతో మొదలెట్టు, నాలుగు తిన్నటి కోతలు చాలు. బల్ల పైపలకకి అనుకున్న రాయి మందం కొలిచి నాకు రాసి పంపు. 20 మిల్లీమీటర్లయితే నువ్వే కోసుకోవచ్చు. 30 అయితే 4 అంగుళాల బ్లేడు అడుగుదాకా అందీ అందనట్టుంటుంది. దాన్ని రాళ్ళ పనివాళ్ళ పెద్ద మెషిన్ మీద కోయించుకొచ్చి, అంచులు మాత్రం నువ్వు దిద్దుకో.

ఇట్లు,
మీ పెదనాన్న