సిజేరియన్ అయి మూడోరోజు: పాలు పడలేదని డబ్బాపాలు పట్టాలా?

హన్మకొండలో ఆపరేషన్ అయి మూడోరోజని, అత్తమ్మ డబ్బాపాలు పట్టమంటోందని అడిగారు. బిడ్డ హుషారుగా చీకుతూ, మూత్రం పోస్తుంటే తొందరపడకండి చెల్లీ. పాలు నిండుగా దిగడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అప్పటిదాకా ముర్రుపాలు కొంచెమే వచ్చినా సాధారణంగా సరిపోతాయి. మొదటిరోజు బిడ్డ పొట్టలో పట్టేది ఒక చెంచాడే.

బిడ్డ చీకినకొద్దీ పాలు ఊరతాయి. డబ్బాపాలతో కడుపు నిండితే చీకడం తగ్గుతుంది, దాంతో మీ పాలూ తగ్గుతాయి. అందుకే రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడా పట్టండి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. విపరీతంగా నొప్పి పుడితే ఓర్చుకోకండి, పట్టు సరిగ్గా లేనట్టే. నర్సును పిలిచి చూపించుకోండి. బిడ్డ కాళ్లు మీ చంక కిందుగా వెనక్కి ఉండేలా పట్టుకుంటే కుట్ల మీద బరువు పడదు.

ఐదోరోజు దాటాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తే పాలు అందుతున్నట్టే. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, చీకకపోయినా, పచ్చబడినా వెంటనే డాక్టరుకు చూపించండి. పైపాలు అవసరమని డాక్టరే చెబితే బాధపడకుండా పట్టండి. ముందు మాత్రం మీ పాలే పిండి ఉగ్గుగిన్నెతో పట్టి చూడండి.

తేనె ఏడాది నిండేదాకా వద్దు. మన ఎండల్లో కూడా ఆరు నెలలదాకా నీళ్లు అక్కర్లేదు. పథ్యమని మీరు కడుపు మాడ్చుకోకండి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద బాలింతలకు గుడ్డు, పాలతో భోజనం పెడతారు, పేరు రాయించుకోండి.