జపనీస్‌లో క్రియలు ఎలా వాడతారు? తెలుగువాళ్లకు కష్టమా?

మీరు భయపడినంత కష్టం కాదు. మనలాగే వాళ్లకూ క్రియ వాక్యం చివరనే వస్తుంది. "వతషి వ గొహన్ ఒ తబెరు" అంటే "నేను అన్నం తింటాను". మాటల వరస కూడా అదే. పైగా తింటాను, తింటావు, తింటారు అని మార్చే పని లేదు, ఎవరు తిన్నా తబెరు. జరిగిపోయిన దానికి తబెత.

నాకు బాగా నచ్చేది "తె" రూపం. తబెతె అంటే మన "తిని". మిరు అంటే చూడటం. రెండూ కలిపి "తబెతె మిరు" అంటే అచ్చంగా మన "తిని చూడటం", రుచి ఎలా ఉందో తెలుసుకోవడానికి. ఒకు అంటే పెట్టడం, కత్తె అంటే "కొని", కాబట్టి "కత్తె ఒకు" అంటే ముందే కొని పెట్టుకోవడం. ఇవి మన చెవికి ముందే అలవాటు, బట్టీ పట్టక్కర్లేదు.

మర్యాద దగ్గర మాత్రం జాగ్రత్త. తబెరుకు మర్యాద రూపం తబెమస్. అలా అన్నప్పుడు గౌరవం వినేవాళ్లకు, తినేవాళ్లకు కాదు. ఆఫీసులో పైవారికి కుక్క తింటోందని చెప్పినా మస్ ఉండాల్సిందే.

అసలు టెన్షన్ "తె" రూపం తయారుచేయడంలో ఉంది. తబెరు తబెతె అవుతుంది, కానీ నొము (తాగడం) నొన్దె, కకు (రాయడం) కైతె. సురు (చేయడం), కురు (రావడం) అనే రెండూ దారి తప్పినవి, షితె, కితె అవుతాయి. కయెరు ఇంకా చిక్కు: తిరిగి వెళ్లడమైతే కయెత్తె, మార్చడమైతే కయెతె. అందుకే ప్రతి క్రియనూ దాని "తె" రూపంతో జంటగా నేర్చుకోండి.